1908 సెప్టెంబరు 23 ఆట: తొమ్మిదో ఇన్నింగ్స్ ఆఖరి గడిలో ఏం రాయాలి?

వికెట్‌కీపర్

అందరికీ నమస్కారం. 1908 అమెరికా బేస్‌బాల్ నేషనల్ లీగ్ సీజన్‌లో ముఖ్యమైన ఆటలకు స్కోరుషీట్లు వేస్తున్నాను. న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో సెప్టెంబరు 23న జరిగిన జెయింట్స్, షికాగో కబ్స్ ఆట దగ్గర ఆగిపోయాను. తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం, ఇద్దరు ఔట్, స్కోరు 1-1. జెయింట్స్ బ్యాటర్ అల్ బ్రిడ్‌వెల్ కొట్టిన బంతి సెంటర్ ఫీల్డులో పడింది. ఎవరూ క్యాచ్ పట్టలేదు. మూడో బేస్ మీదున్న జెయింట్స్ రన్నర్ మూస్ మెక్‌కార్మిక్ హోమ్ (బ్యాటర్ నిలబడే చోటు, చేరితే ఒక రన్) చేరాడు. అయినా ఆట 1-1 టై అని రాసి ఉంది. బ్రిడ్‌వెల్ గడిలో సింగిల్ (కొట్టి మొదటి బేస్ చేరడం) వెయ్యాలా, ఔట్ వెయ్యాలా? జెయింట్స్ పిచ్చర్ (బంతి వేసేవాడు) మ్యాథ్యూసన్ ఖాతాలో గెలుపు ఎందుకు లేదు? క్రికెట్ తెలిసినవాళ్లకి అర్థమయ్యేలా చెప్పండి.

స్కోరుపుస్తకం

ముందు ఆ ఇన్నింగ్స్‌ని వరసగా పెట్టుకుందాం, లేకపోతే గడి నిండదు.

సై సేమర్ మొదటి బేస్ దగ్గర ఔట్. ఆర్ట్ డెవ్లిన్ సింగిల్. మెక్‌కార్మిక్ నేలబారుగా కొట్టాడు, డెవ్లిన్ రెండో బేస్ దగ్గర ఫోర్స్ ఔట్ అయ్యాడు, మెక్‌కార్మిక్ మొదటి బేస్ మీద మిగిలాడు. అంటే రెండు ఔట్లు, మూడోదానితో ఇన్నింగ్స్ సగం ముగుస్తుంది. తర్వాత ఫ్రెడ్ మెర్కిల్, 19 ఏళ్ల కుర్రాడు, కుడివైపు సింగిల్ కొట్టాడు. మెక్‌కార్మిక్ మూడో బేస్‌కి వెళ్లాడు. ఇప్పుడు మూడో బేస్ మీద మెక్‌కార్మిక్, మొదటి బేస్ మీద మెర్కిల్. అప్పుడు బ్రిడ్‌వెల్ దెబ్బ.

ఇక ఫోర్స్ సంగతి. ఒక బేస్ మీద ఇద్దరు ఉండకూడదు. బ్యాటర్ బంతి కొట్టి మొదటి బేస్ వైపు పరిగెత్తగానే అక్కడున్న రన్నర్ ఆ బేస్ ఖాళీ చేసి రెండోదానికి వెళ్లి తీరాలి. అతను చేరకముందే ఫీల్డర్ బంతి పట్టుకుని రెండో బేస్ తొక్కితే చాలు, ఔట్. ఒంటికి తాకించక్కర్లేదు. క్రికెట్‌లో రనౌట్‌కి బంతితో బెయిల్స్ లేపినట్టే, ఇక్కడ బంతి చేతిలో ఉండగా బేస్ తొక్కాలి.

దీనికి తగులుకుని ఇంకో నిబంధన ఉంది. మూడో ఔట్ ఫోర్స్ ఔట్ అయితే, ఆ దెబ్బ మీద అంతకుముందే ఎవరు హోమ్ చేరినా ఆ రన్ లెక్కకి రాదు. మెక్‌కార్మిక్ ఎంత ముందు చేరాడన్నది అనవసరం. 1908 నిబంధనల పుస్తకంలో ఇది స్పష్టంగా ఉంది, ఇవాళ్టికీ మారలేదు.

మెర్కిల్ రెండో బేస్ తొక్కలేదు. బంతి నేలన పడటం, మెక్‌కార్మిక్ హోమ్ వైపు వెళ్లడం చూసి, ఆట అయిపోయిందనుకుని సగం దారిలోనే సెంటర్ ఫీల్డు వెనకున్న క్లబ్‌హౌస్ వైపు మళ్లాడు. కబ్స్ రెండో బేస్‌మన్ జానీ ఎవర్స్ బంతి తెమ్మని కేకలు పెట్టి, బంతి చేతికి తెచ్చుకుని బేస్ తొక్కాడు. హోమ్ ప్లేట్ వెనకున్న అంపైర్ హ్యాంక్ ఓడే మెర్కిల్ ఔట్ అన్నాడు. రన్ పోయింది.

వికెట్‌కీపర్

నిబంధన అర్థమైంది, థాంక్స్ అండీ. కానీ గెలుపు రన్ వచ్చాక రన్నర్ మళ్లిపోవడం అప్పట్లో అందరూ చేసేదే అని చాలాచోట్ల చదివాను. మెర్కిల్ ఒక్కడే ఎందుకు దొరికాడు?

పాతబంతి

అందరూ చేసేదే. దానికి కారణం మైదానం కట్టిన తీరులో ఉంది.

పోలో గ్రౌండ్స్‌లో ఆట ముగియగానే జనం స్టాండ్లు దిగి మైదానం మీదుగానే బయటికి నడిచేవాళ్లు. క్లబ్‌హౌస్ సెంటర్ ఫీల్డు అవతల. ఆఖరి దెబ్బ పడగానే ఆటగాళ్లు జనంలో చిక్కకుండా అటు పరుగు తీసేవాళ్లు. మొదటి బేస్ నుంచి బయల్దేరినవాడికి రెండో బేస్ దారి మధ్యలోనే జనం ఎదురొస్తారు. అంపైర్లు కూడా ఆ చివరి అడుగు చూడటం మానేశారు, ఎందుకంటే వాళ్లకీ జనం మీద పడేలోపు బయటపడాలి. నిబంధన పుస్తకంలో ఉంది, అలవాటు దాన్ని మింగేసింది.

ఆ అలవాటు ఎప్పుడు విరిగిందో తెలియాలంటే 19 రోజులు వెనక్కి వెళ్లాలి. సెప్టెంబరు 4, పిట్స్‌బర్గ్‌లో పైరేట్స్, కబ్స్. పదో ఇన్నింగ్స్, 0-0, బేస్‌లన్నీ నిండి ఉన్నాయి, రెండు ఔట్లు. ఓవెన్ విల్సన్ సెంటర్‌కి సింగిల్ కొట్టాడు, రన్ వచ్చింది. మొదటి బేస్ మీదున్న వారెన్ గిల్ రెండోది తొక్కకుండా పక్కకి మళ్లాడు. ఎవర్స్ బంతి తెప్పించి బేస్ తొక్కి ఔట్ అడిగాడు. ఆ రోజు మైదానంలో ఒక్కడే అంపైర్, అతనూ హ్యాంక్ ఓడేనే. తాను చూడలేదు కాబట్టి ఔట్ ఇవ్వలేనన్నాడు. పైరేట్స్ 1-0తో గెలిచారు. కబ్స్ ఫిర్యాదుని లీగ్ అధ్యక్షుడు హ్యారీ పులియమ్ కొట్టేశాడు.

ఫిర్యాదు పోయినా ఫలితం దక్కింది. మళ్లీ అలాంటిది జరిగితే చూడాలన్న ఎరుక ఓడేకి వచ్చింది. న్యూయార్క్‌లో బ్రిడ్‌వెల్ బంతి పడగానే ఓడే కళ్లు రెండో బేస్ వైపు తిరిగాయి. అంతకుముందు నెలలో ఇదే జరిగి ఉంటే మెర్కిల్ పేరు ఎవరికీ తెలిసేది కాదు.

మూడోబేస్

పాతబంతి గారూ, అలవాటు వాదన నేను సగమే ఒప్పుకుంటాను. సెప్టెంబరు 4 నాటి గొడవ పత్రికల్లో వచ్చింది. కబ్స్ ఏం అడిగారో, ఎందుకు అడిగారో లీగ్ మొత్తానికీ తెలుసు. అదే కబ్స్‌తో ఆడేముందు ఆ ఒక్క మాట తన ఆటగాళ్లకి బుర్రకెక్కించడం మేనేజర్ పని. జాన్ మెక్‌గ్రా లాంటి జెయింట్స్ మేనేజర్ దాన్ని వదిలెయ్యడం పెద్ద లోపం. కుర్రాడి మీద పడ్డ తిట్లన్నీ ఆ వయసువాడు మొయ్యాల్సినవి కావు.

పైగా మెర్కిల్ ఆ రోజు ఆడాల్సినవాడే కాదు. మొదటి బేస్‌మన్ ఫ్రెడ్ టెన్నీ నడుం పట్టేసి కూర్చున్నాడు. ఆ సీజన్‌లో టెన్నీ ఆడని ఆట అదొక్కటే. ఆ సీజన్‌లో మెర్కిల్ మొదటి బేస్‌లో ఆట మొదటి నుంచీ దిగింది ఆ రోజే.

స్కోరుపుస్తకం

సెప్టెంబరు 23కీ 4కీ ఉన్న అసలు తేడా అంపైర్ల సంఖ్య. ఇది చదివేవాళ్లు తరచూ దాటేస్తారు.

ఒక్కడే ఉంటే ప్లేట్ వెనక నిలబడి స్ట్రైకులు, బాల్స్ (మంచి బంతి, చెడ్డ బంతి) చెప్పాలి. రన్నర్లుంటే ఒక్కోసారి పిచ్చర్ వెనక్కి మారాలి. అక్కడి నుంచి మొదటి బేస్ ఔట్, హోమ్ దగ్గర రన్, రెండో బేస్ తొక్కడం మూడూ ఒకేసారి చూడటం కుదరదు. తల ఒక్కటే, చూపు ఒక్కచోటే. అందుకే రన్నర్లు మూడో బేస్‌కి పోతూ రెండోదాని లోపలి నుంచి నాలుగైదు అడుగులు కోసేవాళ్లు.

23న ఇద్దరున్నారు. బేస్‌ల దగ్గర బాబ్ ఎమ్స్‌లీ, ప్లేట్ దగ్గర ఓడే. నియమం ప్రకారం రెండో బేస్ ఎమ్స్‌లీది. కానీ బ్రిడ్‌వెల్ కొట్టిన బంతి నేరుగా ఎమ్స్‌లీ మీదికే వచ్చింది. తప్పించుకోబోయి కిందపడ్డాడు. లేచేసరికి మెర్కిల్ ఏం చేశాడో చూడలేదు. కబ్స్ అడిగితే చూడలేదన్నాడు, ఓడేని అడిగాడు. ఓడే చూశానన్నాడు. ఇద్దరు అంపైర్లున్నందుకే ఒకడి కళ్లు మిగిలాయి.

వికెట్‌కీపర్

బంతి సంగతేంటి? ఎవర్స్ చేతిలో ఉన్నది అసలు బంతే కాదని ఒక వాదన విన్నాను.

పాతబంతి

సెంటర్ ఫీల్డర్ ఆర్టీ హాఫ్‌మన్ విసిరిన బంతి ఎవర్స్‌ని దాటి పోయింది. మూడో బేస్ వైపు కోచింగ్‌లో ఉన్న జెయింట్స్ పిచ్చర్ జో మెక్‌గినిటీ దాన్ని అందుకుని జనంలోకి విసిరాడని ఒక కథనం. కబ్స్ వాళ్లు జనం చేతిలోంచి లాక్కొచ్చారని వాళ్ల మాట, వేరే బంతి తెచ్చారని జెయింట్స్ మాట. అప్పటికే వేలమంది మైదానంలోకి దిగారు. సాక్షులే ఒక మాట మీద లేరు.

నిబంధన పరంగా చూస్తే మెక్‌గినిటీ బంతి ముట్టుకోవడమే జెయింట్స్‌కి చేటు. ఆటలో లేని మనిషి ఫీల్డర్‌ని అడ్డుకుంటే రన్నర్‌ని ఔట్ ఇవ్వడానికి అంపైర్‌కి అధికారం ఉంది. ఎవర్స్ చేతిలో ఏ బంతి ఉన్నా మెర్కిల్‌కి తప్పించుకునే దారి సన్నమే.

ఆట కొనసాగించడం మాత్రం కుదరలేదు. మైదానం నిండా జనం, చీకటి పడుతోంది. ఓడే ఆట ఆపేశాడు. పులియమ్ దాన్ని టై అన్నాడు. రెండు క్లబ్బులూ పైకి వెళ్లాయి. తాము గెలిచామని జెయింట్స్, ఆట తమకే రాసెయ్యాలని కబ్స్. లీగ్ డైరెక్టర్లు పులియమ్ మాటే నిలబెట్టి, అవసరమైతే అక్టోబరు 8న మళ్లీ ఆడాలన్నారు.

ఆ నిర్ణయం తర్వాత పులియమ్ మీద న్యూయార్క్ నుంచి వచ్చిన వత్తిడి దారుణం. 1909 జులైలో ఆయన ప్రాణం తీసుకున్నాడు. కారణం ఇదొక్కటే అనడం సరికాదు గానీ, నిబంధన ప్రకారం నడిచిన మనిషికి దక్కాల్సిన మర్యాద ఆయనకి దక్కలేదు.

లెక్కలపిచ్చి

ఒక్క టై లీగ్‌ని ఎలా తిప్పిందో అంకెల్లో చూడండి. ఎనిమిది జట్లు, ప్రతి జట్టూ మిగతా ఏడింటితో 22 ఆటలు, మొత్తం 154. ప్లేఆఫ్‌లు లేవు. లీగ్‌లో మొదటి స్థానం వస్తేనే వరల్డ్ సిరీస్ (రెండు లీగ్‌ల విజేతల పోరు). అందుకే ఒక్కో ఆట బరువు అంత.

చివరి లెక్క ఇలా తేలింది: కబ్స్ 99 గెలుపులు 55 ఓటములు, జెయింట్స్ 98-56, పైరేట్స్ 98-56.

ఇప్పుడు అక్టోబరు 4 ఉదయానికి వెళ్దాం. పైరేట్స్ 98-55, కబ్స్ 97-55, జెయింట్స్ 95-55. ఆ రోజు షికాగోలో కబ్స్, పైరేట్స్ ఆట. పైరేట్స్‌కి అదే ఆఖరిది. కబ్స్ పిచ్చర్ మోర్డెకై బ్రౌన్ బంతులేశాడు, కబ్స్ 5-2తో గెలిచారు. పైరేట్స్ 98-56 దగ్గర ఆగిపోయారు. కబ్స్ 98-55.

జెయింట్స్‌కి బోస్టన్‌తో మూడు ఆటలు మిగిలాయి. ఒక్కటి ఓడినా కబ్స్‌తో సమానం కాలేరు. మూడూ గెలిచారు, వాళ్లూ 98-55. సమానం. అందుకే 8న ఆట అవసరమైంది.

సెప్టెంబరు 23 ఆట జెయింట్స్ గెలుపుగా నిలిచి ఉంటే 7వ తేదీ రాత్రికి వాళ్లు 99-55, కబ్స్ 98-56. సీజన్ అక్కడే ముగిసేది.

కానీ నేరమంతా ఆ ఒక్క ఆట మీద పెట్టొద్దు. ఫిలడెల్ఫియా ఫిల్లీస్ ఎడమచేతి కుర్రాడు హ్యారీ కొవలెస్కీ సెప్టెంబరు 29, అక్టోబరు 1, అక్టోబరు 3, ఐదు రోజుల్లో మూడుసార్లు జెయింట్స్‌ని ఓడించాడు. అందులో ఏ ఒక్కటి గెలిచినా 7వ తేదీ రాత్రికి వాళ్లు కబ్స్ కంటే ఒక ఆట ముందుండేవాళ్లు. మెర్కిల్ అడుగు ఒక టై అయింది. కొవలెస్కీ చేతిలో పోయినవి మూడు ఓటములు. స్టాండింగ్స్‌లో మూడు ఓటముల బరువు టై కంటే చాలా ఎక్కువ. ఇది చెప్పినంత గట్టిగా ఎవరూ చెప్పట్లేదని నా బాధ.

మూడోబేస్

లెక్కలపిచ్చి గారికి నూటికి నూరు. కొవలెస్కీ పేరు ముందు చెప్పి తర్వాత మెర్కిల్ పేరు చెప్పాలి.

వికెట్‌కీపర్

అమెరికన్ లీగ్ కూడా అదే ఏడాది అర ఆట తేడాతో తేలిందట కదా. అర ఆట అంటే ఏమిటి? సగంలో ఆగిపోయిన ఆటా?

లెక్కలపిచ్చి

కాదండీ. రెండు జట్ల మధ్య దూరం ఇలా కడతారు: గెలుపుల తేడా, ఓటముల తేడా కలిపి రెండుతో భాగించడం. డెట్రాయిట్ టైగర్స్ 90-63, క్లీవ్‌ల్యాండ్ నాప్స్ 90-64. గెలుపుల తేడా సున్నా, ఓటముల తేడా ఒకటి, సగం చేస్తే అర. షికాగో వైట్ సాక్స్ 88-64, ఒకటిన్నర ఆట వెనక.

స్థానం తేల్చేది శాతం. డెట్రాయిట్ .588, క్లీవ్‌ల్యాండ్ .584. డెట్రాయిట్ వానకి పోయిన ఒక ఆటని మళ్లీ ఆడలేదు, ఆడాలని ఆనాడు నిబంధన కూడా లేదు. ఆడి ఓడి ఉంటే 90-64, క్లీవ్‌ల్యాండ్‌తో సమానం. ఆడకపోవడమే వాళ్లకి కప్పు తెచ్చింది. తర్వాత లీగ్ నిబంధన మార్చింది: టైటిల్ మీద ప్రభావం ఉన్న వాన ఆటల్ని ఆడి తీరాలి.

ఆఖరి రోజు, అక్టోబరు 6న షికాగోలో వైల్డ్ బిల్ డొనోవన్ వైట్ సాక్స్‌ని రెండే హిట్లకి (బేస్ చేర్చిన దెబ్బలకి) కట్టేసి 7-0తో టైగర్స్‌ని గెలిపించాడు. రెండు లీగ్‌ల్లోనూ మూడేసి జట్లు ఆఖరి వారం దాకా పోటీలో ఉన్నాయి.

పాతబంతి

ఇంత బిగువుకి ఇంకో కారణం బంతి. దీన్ని వదిలేస్తే 1908 సగమే అర్థమవుతుంది.

లోపల గట్టి రబ్బరు గుండు, దాని చుట్టూ ఉన్ని దారం, పైన గుర్రపు తోలు. బరువు 5 నుంచి 5.25 ఔన్సులు, చుట్టుకొలత 9 నుంచి 9.25 అంగుళాలు. కొలతలు ఇవాళ్టివే. పెద్ద తేడా రెండుచోట్ల. ఒకటి, కార్క్ గుండు లేదు. అది 1910 వరల్డ్ సిరీస్‌లో వాడి 1911 నుంచి సీజన్ మొత్తానికి తెచ్చారు. రెండు, బంతి మార్చేవాళ్లు కాదు. స్టాండ్లలోకి పోయిన బంతిని కూడా వెనక్కి తెప్పించేవాళ్లు. ఒకే బంతి ఇన్నింగ్స్ తర్వాత ఇన్నింగ్స్ దెబ్బలు తింటుంది. ఉన్ని వదులవుతుంది, తోలు సాగుతుంది, మట్టి, పొగాకు ఉమ్మి పట్టి నల్లబడుతుంది. సాయంత్రం నాలుగు దాటాక మొదలైన ఆటలో ఏడో ఇన్నింగ్స్‌కి బ్యాటర్‌కి ముదురు రంగు మెత్తటి బంతి మసక వెలుతురులో వస్తుంది. బలంగా కొట్టినా దూరం పోదు.

ఫలితం: 1908లో రెండు లీగ్‌ల బ్యాటింగ్ సగటూ .239, అంటే వెయ్యిసార్లు కొట్టబోతే 239 హిట్లు. ఒక జట్టు ఒక ఆటలో చేసిన రన్లు సగటున 3.38. వైట్ సాక్స్ సీజన్ మొత్తంలో కొట్టిన హోమ్ రన్లు (ఒక్క దెబ్బకే హోమ్ దాకా వచ్చినవి) మూడు. ఆ మూడింటితో టైటిల్‌కి ఒకటిన్నర ఆట దూరంలో నిలిచారు. కార్క్ బంతి వచ్చిన 1911లో అమెరికన్ లీగ్ సగటు .273కి లేచింది.

రన్లు ఇంత తక్కువగా ఉన్నప్పుడు మెక్‌కార్మిక్ మోసుకొచ్చిన ఒక్క రన్ విలువ ఎంతో ఊహించండి. ఈ కరువులో పైరేట్స్ బ్యాటర్ హోనస్ వాగ్నర్ .354 కొట్టాడు, 10 హోమ్ రన్లు, 53 స్టీల్స్ (దెబ్బ లేకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తడం). నా దృష్టిలో ఆ ఏడాది బ్యాట్ పట్టినవాళ్లలో అతని దరిదాపుల్లో ఎవరూ లేరు.

వికెట్‌కీపర్

ఉమ్మి బంతి అప్పుడు చట్టబద్ధమే కదా? అది ఎలా పని చేస్తుంది? క్రికెట్‌లో ఉమ్మి రాసేది ఒక వైపు మెరుపు కోసం.

పాతబంతి

పని పూర్తిగా వేరు. స్వింగ్‌కి ఒకవైపు నున్నగా, ఒకవైపు గరుకుగా ఉండాలి. ఉమ్మి బంతిలో తడి వేళ్లకీ బంతికీ మధ్య పట్టు తగ్గించడానికి.

వైట్ సాక్స్ ఎడ్ వాల్ష్ స్లిప్పరీ ఎల్మ్ అనే చెట్టు బెరడు నమిలేవాడు. దానివల్ల ఉమ్మి జిగురుగా, జారుడుగా ఊరుతుంది. కుట్టు లేని చోట రూపాయి బిళ్లంత మేర తడి చేసి, చూపుడు, నడి వేళ్లు ఆ తడి మీద పెట్టాలి. బొటనవేలు కింద పొడిగా, కుట్టు మీద. మణికట్టు బిగించి ఫాస్ట్‌బాల్ చెయ్యి ఊపుతోనే వదలాలి. మామూలు ఫాస్ట్‌బాల్‌లో పైవేళ్లు ఆఖరుగా బంతిని వెనక్కి తిప్పుతాయి, ఆ తిరుగుడే బంతిని కాస్త పైకి పట్టి ఉంచుతుంది. ఇక్కడ వేళ్లు జారిపోతాయి, తిరుగుడు చాలా తగ్గుతుంది. బ్యాటర్ ఫాస్ట్‌బాల్ అనుకుని ఊపిన చోటు కంటే బంతి కిందికి కూలుతుంది.

చెడిపోయేది ఎక్కడంటే, తడి ఎక్కువైతే బొటనవేలు కూడా జారి బంతి అదుపు తప్పుతుంది. ఫీల్డర్‌కి కూడా తడి చోటే చేతికి తగిలితే విసురు పక్కకి పోతుంది. తుడవకుండా వదిలితే తోలు నాని బరువెక్కుతుంది. పిచ్చర్ నోటికి బంతి అడ్డం పెట్టి ప్రతిసారీ తడి చేస్తున్నట్టు నటించడం ఇందులో సగం విద్య, ఏది తడి బంతో బ్యాటర్‌కి తెలియకూడదు.

వాల్ష్ ఆ ఏడాది 464 ఇన్నింగ్స్ వేసి 40 ఆటలు గెలిచాడు. 66 ఆటల్లో దిగాడు. ఆ బంతి మోచేతి మీద కర్వ్ (వంపు తిరిగే బంతి) అంత భారం వెయ్యదనే లెక్క మీద ఇన్ని ఇన్నింగ్స్ వేయించారు. తర్వాతి ఏళ్లలో ఆ చెయ్యి నిలవలేదు. 1920లో కొత్తవాళ్లకి ఉమ్మి బంతి నిషేధించారు.

స్కోరుపుస్తకం

వాల్ష్ మాట వచ్చింది కాబట్టి, అక్టోబరు 2 క్లీవ్‌ల్యాండ్ ఆటకి కూడా షీటు వెయ్యండి వికెట్‌కీపర్ గారూ. వాల్ష్ 15 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో ఔట్) తీశాడు, నాలుగే హిట్లు ఇచ్చాడు, అయినా 0-1తో ఓడాడు. అవతల ఆడీ జాస్ 27 మందినీ వరసగా ఔట్ చేశాడు. 74 పిచ్‌లు. టైటిల్ పోటీ చివరి వారంలో పర్ఫెక్ట్ గేమ్. జాస్ వైపు షీటులో 27 గడులు, ఒక్కదానిలోనూ బేస్ గీత ఉండదు. కాగితం మీద అంత శుభ్రంగా కనిపించే ఆట అరుదు.

మూడోబేస్

అక్టోబరు 8 ఆట కూడా చెప్పేసి అసలు ప్రశ్నకి వద్దాం.

పోలో గ్రౌండ్స్ కిక్కిరిసింది. అంపైర్లు బిల్ క్లెమ్, జిమ్మీ జాన్‌స్టోన్. ఆటకి ముందు వాళ్లకి లంచం ఇవ్వబోతే తిరగ్గొట్టి లీగ్‌కి చెప్పారు. కబ్స్ జాక్ ఫీస్టర్‌తో మొదలుపెట్టారు. టెన్నీకి బంతి తగిలి మొదటి బేస్ దక్కింది, హెర్జాగ్‌కి వాక్ (నాలుగు బాల్స్‌తో ఊరికే మొదటి బేస్), డాన్లిన్ డబుల్ (కొట్టి రెండో బేస్ చేరడం), ఒక రన్. కబ్స్ మేనేజర్ ఫ్రాంక్ ఛాన్స్ ఆగలేదు, మొదటి ఇన్నింగ్స్‌లోనే బ్రౌన్‌ని దించాడు. ఆ నిర్ణయమే ఆటని నిలబెట్టింది.

బ్రౌన్ కుడిచెయ్యి చిన్నప్పుడు పొలంలో మేత కోసే యంత్రంలో పడి చూపుడువేలు చాలావరకు పోయింది, నడివేలు వంకరపోయింది. ఆ మొండివేలి మీదుగా వదిలిన కర్వ్ కిందికి గట్టిగా కూలేది. నేలబారు బంతులు ఎక్కువ రప్పించేవాడు.

మూడో ఇన్నింగ్స్‌లో జో టింకర్ సెంటర్ మీదుగా ట్రిపుల్, మూడో బేస్ చేరాడు. సేమర్ తల మీద నుంచి పోయింది. క్లింగ్ సింగిల్, ఎవర్స్ వాక్, షుల్టీ డబుల్, ఛాన్స్ డబుల్, నాలుగు రన్లు. సెప్టెంబరు 23న కూడా మ్యాథ్యూసన్ మీద కబ్స్ ఏకైక రన్ టింకర్ ఇన్‌సైడ్ ద పార్క్ (బంతి మైదానం దాటకుండానే) హోమ్ రనే అని గమనించండి. మ్యాథ్యూసన్ ఆ సీజన్‌లో 390 ఇన్నింగ్స్ దాటాడు. అక్టోబరులో ఆ చేతిలో జవ లేదు. ఏడో ఇన్నింగ్స్‌లో జెయింట్స్ బేస్‌లు నింపి ఒక్క రన్ మాత్రమే రాబట్టుకున్నారు. 4-2.

వరల్డ్ సిరీస్ గురించి పెద్దగా చెప్పుకోవడానికి లేదు. కబ్స్ టైగర్స్‌ని 4-1తో ఓడించారు. డెట్రాయిట్‌లో ఆఖరి ఆటకి వచ్చినవాళ్లు 6,210 మంది. ఆ తర్వాత కబ్స్‌కి మళ్లీ వరల్డ్ సిరీస్ 2016లో దక్కింది.

వికెట్‌కీపర్

చాలా స్పష్టంగా ఉంది. మరి బ్రిడ్‌వెల్ గడి? బంతి నేల మీద పడింది, తాను మొదటి బేస్ చేరాడు. అతని తప్పు ఏమీ లేదు కదా.

స్కోరుపుస్తకం

తప్పు లేదు, హిట్ కూడా లేదు. ఫోర్స్‌లో ఉన్న రన్నర్ తాను తొక్కాల్సిన తర్వాతి బేస్ తొక్కకుండా, అప్పీలు మీద ఔట్ అయితే, బ్యాటర్‌కి ఒక ఎట్‌బ్యాట్ (బ్యాటింగ్ అవకాశం) రాయాలి, హిట్ రాయకూడదు. ఇప్పటి స్కోరింగ్ నిబంధనల్లో ఇది అచ్చంగా ఈ సందర్భానికే రాసినట్టు ఉంటుంది.

కాబట్టి ఇలా నింపండి. బ్రిడ్‌వెల్ గడిలో మొదటి బేస్ దాకా గీత గీయండి, పక్కన ఫోర్స్ అని రాయండి, సింగిల్ గుర్తు వద్దు. మెర్కిల్ గడిలో మొదటి బేస్ దాకా గీత, రెండో బేస్ వైపు సగం గీత గీసి అడ్డంగా కొట్టండి, మూడో ఔట్ అని 3 చుట్టి పెట్టండి. పుటౌట్ (ఔట్ చేసినవాడు) 4, అంటే రెండో బేస్‌మన్ ఎవర్స్, అది ఖాయం. ముందు 8 వేస్తే హాఫ్‌మన్ విసురు అని అర్థం. బంతి దారి మీద గొడవ ఉంది కాబట్టి 8 మీద చిన్న చుక్క పెట్టుకుని అంచున ఒక మాట రాసుకోండి. మెక్‌కార్మిక్ గడిలో మూడో బేస్ దాకానే గీత. హోమ్ గీత గీసేసి ఉంటే రబ్బరుతో తుడిపెయ్యండి, వజ్రాన్ని (గడిలో రన్ వస్తే నింపే బేస్‌ల బొమ్మ) నింపొద్దు.

అడుగున రన్లు 1-1, తొమ్మిది ఇన్నింగ్స్, టై. టై ఆటలో ఎట్‌బ్యాట్లు, హిట్లు, స్ట్రైకౌట్లు అన్నీ ఆటగాళ్ల లెక్కలోకి వెళ్తాయి. పిచ్చర్‌కి గెలుపూ ఓటమీ మాత్రం ఉండవు. మ్యాథ్యూసన్ 37-11 అని ముగించడానికి కారణం అదే. ఆ రన్ నిలిచి ఉంటే 38వ గెలుపు వచ్చేది. అక్టోబరు 8న ఆడే పనే ఉండేది కాదు కాబట్టి పదకొండో ఓటమి కూడా ఉండేది కాదు.

వికెట్‌కీపర్

మెక్‌కార్మిక్ గడిలో నింపిన వజ్రం తుడిపేశాను. సెప్టెంబరు 4 పిట్స్‌బర్గ్ ఆటకి కూడా ఇదే పద్ధతా?

స్కోరుపుస్తకం

అక్కడ అంపైర్ ఔట్ ఇవ్వలేదు కాబట్టి విల్సన్‌కి సింగిల్, పైరేట్స్‌కి రన్, గిల్ గడిలో ఔట్ ఏమీ ఉండదు. షీటు మీద రాసేది జరిగినది కాదు, అంపైర్ చెప్పినది. రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి చూడండి, దెబ్బ ఒకటే, గడులు వేరు.